పాటా వినబడాలి, మాటా వినబడాలి: వరంగల్‌లో అటువంటి బార్ ఎక్కడుంది?

శివనగర్ వాసి:
మిత్రులకు నమస్కారం. వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో ఎక్కడైనా సరే, నలుగురం కూర్చుని రెండు గంటలు తీరికగా మాట్లాడుకోవడానికి వీలున్న సాదాసీదా బార్ ఒకటి చెప్పగలరా? పాటలు బాగుండాలి, కానీ అవి మా మాటలను మింగేయకూడదు. బిల్లు వచ్చాక ఒకరి ముఖం ఒకరు చూసుకునే పరిస్థితి రాకూడదు. హనుమకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా ఈ మధ్య తెరిచిన వాటిలో చాలావరకు లోపల అడుగుపెట్టగానే ఊదారంగు లైట్లు కళ్ళలో కొడుతున్నాయి, ప్రతి గోడకూ ఒక టీవీ వేలాడుతోంది, సోడా అడగాలన్నా బేరర్ చెవిలో అరవవలసి వస్తోంది. మా వాళ్ళలో ఇద్దరికి అరవై దాటాయి, ఒకాయనకు చెవి మిషన్ ఉంది. పాత పాటలైతే సంతోషం, కొత్తవైనా అభ్యంతరం లేదు.

లోకోషెడ్, కాజీపేట:
మా వైపు రండి. సికింద్రాబాద్ నుంచి వచ్చే లైనూ, బల్లార్షా నుంచి విజయవాడ వెళ్ళే లైనూ కలిసే జంక్షన్ కావడం వల్ల కాజీపేటలో నాలుగు ప్రాంతాల ఉద్యోగులు కాపురం ఉన్నారు, ఆ కలగలుపు మా బార్ల పాటల్లో కూడా కనిపిస్తుంది. ఒక బల్ల దగ్గర నాగపూర్ మనిషి, పక్క బల్ల దగ్గర బెజవాడ మనిషి ఉన్నప్పుడు ఇద్దరూ తల ఊపగలిగే పాట రఫీదో, ముకేశ్‌దో, కిశోర్‌కుమార్‌దో అవుతుంది కనుక ఇక్కడ పాత హిందీ పాటలే ఎక్కువ. ఇంకో సంగతి బయటివాళ్ళకు తెలియదు. రన్నింగ్ సిబ్బందికి డ్యూటీ ఎక్కేముందు శ్వాస పరీక్ష తప్పనిసరి. కాబట్టి బార్‌లో కనిపించే లోకో పైలట్లు, గార్డులు అందరూ నిక్కచ్చిగా విశ్రాంతిలో ఉన్నవాళ్ళే, వాళ్ళకు తొందర ఉండదు. రాత్రి బండి దిగి నిద్రపోయి లేచినవాళ్ళు మధ్యాహ్నం మూడింటికే వస్తారు. ఆ వేళలో మా బార్లు సాయంత్రం ఏడింటి కంటే బాగుంటాయి.

కొత్తవాడ:
శివనగర్ వాసి గారూ, మీరు అడిగింది మీకు నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంది. అండర్ బ్రిడ్జి దాటి వరంగల్ స్టేషన్ వైపు వచ్చారంటే ఆ సందు కనిపిస్తుంది. పేరు ఇక్కడ రాయను, విడిగా సందేశం పంపుతాను. ఎందుకంటే ఆ గదిలో పట్టేది తొమ్మిది బల్లలే.

బయటి నుంచి చూస్తే ఏమీ ఉండదు, బోర్డు మీద అక్షరాలు కూడా సగం చెరిగిపోయాయి. లోపల మాత్రం గోడలకు మా కొత్తవాడ జంపఖానాలు వేలాడుతుంటాయి. మన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి అందరికీ తెలుసు కానీ, అంచు దగ్గర రంగు తప్పి అమ్ముడుపోనివి ఎక్కడికి పోతాయో ఎవరూ ఆలోచించరు. ఆ బార్ పెద్దాయన అటువంటివి తక్కువ ధరకు తెచ్చి మూడు గోడలకు కట్టించాడు. మొదట తడి మరకలు కనిపించకుండా కట్టించాడట. ఆ తరువాతే గదిలో గోల తగ్గిందని అందరూ గమనించారు. ఏటా దసరాకు ముందు వాటిని దించి, దులిపి, ఎండలో వేసి మళ్ళీ కడతారు.

పాటలు ఎప్పుడూ గల్లా దగ్గర నుంచే వస్తాయి. అక్కడ ఒక పాత యాంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు ఉన్నాయి. క్యాసెట్లు పోయి ఇప్పుడు పెన్‌డ్రైవ్ వచ్చింది, కానీ పద్ధతి మారలేదు. మీకు కావలసిన పాట పల్లవిని చీటీ మీద రాసి, బేరర్‌తో గల్లాకు పంపాలి. పెద్దాయన ఆ చీటీలను ఖాళీ సోడా సీసా కింద వరుసగా పెట్టుకుంటాడు, నచ్చిన వరుసలో వేస్తాడు, ఒక పూట ఒక పాట రెండుసార్లు వేయడు. ఎవరైనా మత్తులో లేచి వెళ్ళి, "గా పాట ఇంకొక్కసారి పెట్టు కాకా" అని బతిమాలితే, "రేపు రా బిడ్డా, మొదట్లనే పెడత" అంటాడు. ఘంటసాల తరువాత మెహదీ హసన్, ఆ వెంటనే ఇళయరాజా వస్తే ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించకపోవడం ఆయన చేతి చలవ.

తినడానికి పెద్ద జాబితా ఉండదు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి తరిగి కలిపిన బొబ్బెర గుడాలు, ఉడికించిన గుడ్లు, పల్లీలు ప్రతిరోజూ ఉంటాయి. ఆదివారం బోటి ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక ఇంటి నుంచి సర్వపిండి వస్తుంది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కరివేపాకు వేసి గిన్నె లోపలి గోడకు ఒత్తి, వేళ్ళతో గుంటలు పెట్టి, ఆ గుంటల్లో నూనె చుక్కలు వేసి కాల్చినది. అడుగున ఎర్రగా మాడిన చెక్క ముందుగా అయిపోతుంది, కాబట్టి కూర్చోగానే చెప్పి ఉంచండి.

హంటర్ రోడ్డు:
కొత్తవాడ అన్న వర్ణన చదివితే నోరూరుతోంది కానీ, ఆ బార్‌కు నేనూ వెళ్ళాను కనుక మిగతా సగం నేను చెబుతాను. మరుగుదొడ్డి దారుణంగా ఉంటుంది. ఒక్క ఫ్యాను కిందే గాలి వస్తుంది, ఆ బల్ల ఎప్పుడూ ఖాళీగా ఉండదు. పాటల ఎంపిక మొత్తం ఒక్క పెద్దమనిషి చేతిలో ఉంటే మా వయసు వాళ్ళ పాటలకు చోటెక్కడ? నేను రాసిచ్చిన చీటీ సీసా కిందే ఉండిపోయింది. కొత్త బార్లను అందరూ తిట్టిపోస్తారు గానీ అక్కడ వంటగది శుభ్రంగా ఉంటుంది, బిల్లు ముద్రించి ఇస్తారు, క్రికెట్ ఉన్న రోజు పది మందిమి కలిసి చూడగలుగుతాం. గోల కావాలని వెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు, అది తప్పు కాదు.

సౌండ్ సర్వీస్, ములుగు రోడ్డు:
తమ్ముడు చెప్పింది నిజమే, గోల కావాలనుకునేవాళ్ళకు గోల ఉండవలసిందే. అయితే కొత్త బార్లలో వినిపిస్తున్నది పాట గోల ఒక్కటే కాదు. నేను ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మనిషి మామూలుగా మాట్లాడే మాట ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్స్ ఉంటుంది. పాట దాన్ని దాటగానే మనం గొంతు పెంచుతాం, పక్క బల్లవాళ్ళు మనకంటే కాస్త పెంచుతారు, అది చూసి గల్లా దగ్గర ఉన్నవాడు పాట వినబడడం లేదనుకుని ఇంకొంచెం పెంచుతాడు. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోత అనిపిస్తుంది కాబట్టి, ఈ పోటీ రెండు మూడు విడతలు సాగేసరికి ఎవరి మాట ఎవరికీ అందదు. పైగా కొత్త బార్లలో నేలకు గ్రానైట్, గోడలకు టైల్స్, ముందు వైపు అద్దాలు ఉంటాయి. గట్టి తలాలన్నీ ధ్వనిని తిరగకొడతాయి. మాటలోని అచ్చులు ఎలాగోలా వినబడతాయి కానీ త, ప, స వంటి హల్లులు ఆ ప్రతిధ్వనిలో కొట్టుకుపోతాయి. చెవి మిషన్ పెట్టుకున్నవారికి అసలు బాధ అదే.

జంపఖానా మందపాటి నూలు గుడ్డ. గోడకు అంటించినట్టు కాకుండా రెండు మూడు అంగుళాల ఎడంతో వేలాడదీస్తే పై శ్రుతులను బాగా పీల్చుకుంటుంది. బేస్‌ను, అంటే దబదబమనే కింది శ్రుతులను మాత్రం అది ఆపజాలదు. కాబట్టి బేస్ తగ్గించే వేయాలి. ఆ పెద్దాయన యాంప్లిఫయర్ మీద బేస్ మీటను సగానికి కిందే ఉంచి, అది కదలకుండా టేపు అంటించాడు. నేను కళ్ళారా చూశాను. స్పీకర్లన్నీ గల్లా దగ్గరే ఉండడం శాస్త్రప్రకారం గొప్ప ఏర్పాటేమీ కాదు. చిన్న స్పీకర్లు నాలుగు మూలలా పెట్టి తక్కువ శబ్దంతో వేయడం మేలు. కానీ ఆయన పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది: పాట కోసం వచ్చినవాళ్ళు గల్లా దగ్గర కూర్చుంటారు, మాట కోసం వచ్చినవాళ్ళు వెనక్కి వెళ్తారు.

గీత వృత్తి, జనగామ:
బార్లను మించిన చోటు కల్లు మండువా అని ఇంతవరకు ఎవరూ అనకపోవడం ఆశ్చర్యంగా ఉంది. అక్కడ పాట స్పీకర్ నుంచి రాదు, పక్కన కూర్చున్నవాడి గొంతు నుంచి వస్తుంది. మోకు, ముస్తాదు వేసుకుని చెట్టెక్కిన గౌడన్న దిగేలోపు కింద నలుగురు చేరతారు, తాటాకు దొప్ప పట్టేసరికి ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. మా వైపు ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న పాట తెలియని మండువా ఉండదు. ఆయన 1708లో వరంగల్ కోట మీద, నగరం మీద పడ్డ సంగతి చరిత్రకారులు రాశారు. ఆయన మీద జనం పాడుకున్న పాటను బాయిల్ అనే ఆంగ్లేయుడు సేకరించి 1874లో ఇండియన్ ఆంటిక్వరీలో అచ్చు వేయించాడు. కల్లు గీసే కులంలో పుట్టినవాడు గోల్కొండ దారిలో కోటలు కట్టాడన్న కథ, కల్లు తాగే చోట మూడు వందల ఏళ్ళుగా పాటగా నిలిచిందంటే, ఆ పాటను నిలబెట్టింది పుస్తకం కాదు, ఆ చోటే.

ఒక్క ఇబ్బంది ఉంది. కల్లు ఆగదు. లొట్టిలో పడ్డప్పటి నుంచే పులియడం మొదలవుతుంది, పొద్దున తీయగా ఉన్నది మాపటికి ఘాటెక్కుతుంది, మరునాటికి పుల్లబడుతుంది. అందుకే మండువాలో కూటమి పొద్దున, మాపున గంటసేపే ఉంటుంది. రాత్రి పది దాకా కూర్చుందామనుకునేవారికి అది కుదరదు.

మందుల దుకాణం:
గీత వృత్తి గారు చెప్పింది చెట్టు కింది కల్లు గురించి, దానితో నాకు పేచీ లేదు. చుట్టుపక్కల ఒక్క తాటిచెట్టు, ఈతచెట్టు కనిపించని బస్తీ కంపౌండ్‌లో ఏడాది పొడవునా సీసాల్లో కల్లు దొరుకుతుంటే మాత్రం అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లుకు అలవాటుపడినవాళ్ళు ఒక్కసారిగా మానితే ఫిట్స్ వస్తాయి, వింతగా ప్రవర్తిస్తారు. హైదరాబాదులో 2004లో కల్లు దుకాణాలు మూసినప్పుడు, 2014లో మళ్ళీ తెరిచినప్పుడు కూడా ఈ చర్చ జరిగింది. పాట ఎంత బాగున్నా ఇది మరవకూడదు.

సుబేదారి:
ఇంతమంది రాశారు, ఒక్కరికీ ఆడవాళ్ళ ఊసు రాలేదు. మా అమ్మమ్మ ఊళ్ళో పొలం పని ముగించుకున్న ఆడవాళ్ళు మగవాళ్ళతో పాటే చెట్టు కింద కూర్చుని కల్లు తాగేవారు, పాటలో గొంతు కలిపేవారు, దాన్ని ఎవరూ వింతగా చూసేవారు కాదు. అదే ఇంటి మనవరాలు చదువుకుని, ఉద్యోగం చేసి, హనుమకొండలో ఒక బీరు తాగాలనుకుంటే మేడ మీద ఏసీ ఫ్యామిలీ సెక్షన్‌కు పంపుతారు, అక్కడ ధర ఎక్కువ, పాట కింద నుంచి వచ్చే మోత మాత్రమే. పాత బార్లు మన మనుషుల బార్లని మురిసిపోతున్నప్పుడు ఆ మనుషుల్లో సగం మంది ఎందుకు లేరో కూడా చెప్పుకోవాలి కదా. కొత్తవాడ గారు చెప్పిన చోటికి నేను, నా స్నేహితురాలు వస్తే గదిలో మాటలు ఆగిపోతాయా, సాగుతాయా?

కొత్తవాడ:
అక్కా, ఉన్నమాట చెబుతాను. మొదటి అయిదు నిమిషాలు ఆగిపోతాయి. పెద్దాయన ఎవరినీ ఏమీ అననివ్వడు, ఆ భయం మీకు అక్కరలేదు, కానీ చూపులను ఆయన కూడా ఆపలేడు. మధ్యాహ్నం వేళ గల్లా పక్క బల్ల దగ్గర దంపతులు కూర్చోవడం చూశాను. మరుగుదొడ్డి ఒక్కటే ఉంది, ఆడవాళ్ళకు వేరుగా లేదు. అది కట్టించకుండా ఎవరినైనా రమ్మనడం న్యాయం కాదని ఆయనతో నేను అన్నాను. స్థలం లేదన్నాడు. వెనక ఖాళీ సీసాల పెట్టెలు పేర్చిన చోటు ఉందని నేను అన్నాను. అక్కడితో ఆ మాట ఆగింది.

హంటర్ రోడ్డు తమ్ముడి చీటీ సంగతి కూడా చెప్పాలి. కొత్త పాటలను ఆయన ఏడు గంటల లోపే వేస్తాడు, ఆ తరువాత అడిగితే చీటీ సీసా కిందే ఉంటుంది. ఇది మొండితనమే.

హక్కుల లెక్క:
అందరూ పాటలను మెచ్చుకుంటున్నారు, వాటికి డబ్బు ఎవరు కడుతున్నారన్నది కూడా ఈ విషయంలో భాగమే. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం బార్‌లో పాట వేయడం బహిరంగ వినియోగం కిందికి వస్తుంది. సాహిత్యం, బాణీలకు ఒక హక్కు, రికార్డింగుకు వేరొక హక్కు ఉంటాయి కాబట్టి సాహిత్యం, బాణీల హక్కులు చూసే ఐపీఆర్‌ఎస్, రికార్డింగుల హక్కులు చూసే పీపీఎల్ వంటి సంస్థల నుంచి వేర్వేరుగా అనుమతి తీసుకోవలసి రావచ్చు. ఇంట్లో వినడానికి నెలకు కొంత కట్టే ఫోన్ యాప్‌ను బార్ స్పీకర్‌కు తగిలించడం కూడా ఆ యాప్ షరతులకు విరుద్ధమే.

పాత పాటలైతే ఉచితమని కొందరు యజమానులు అనుకుంటారు. అందులో సగమే నిజం. రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళే ఉంటుంది, కానీ బాణీ మీద హక్కు స్వరకర్త మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్ళ పాటు ఉంటుంది. ఘంటసాల 1974లో మరణించారు, అంటే ఆయన స్వరపరచిన పాట రికార్డు ఎంత పాతదైనా బాణీ మీద హక్కు 2034 చివరి దాకా నడుస్తుంది. తొమ్మిది బల్లల బార్‌కు ఈ ఖర్చు భారమే. పెద్ద బార్లు దీన్ని బీరు ధరలో కలిపేస్తాయి, చిన్నవి పాటలు ఆపేసి టీవీ పెట్టుకుంటాయి.

గిర్మాజిపేట:
నేను బార్‌కు వెళ్ళేవాణ్ణి కాదు, దాని పక్కింట్లో ఉండేవాణ్ణి. మా గోడ అవతల ఉన్న బార్ వేరేది. అక్కడ పాట మంచిదో చెడ్డదో నాకు తెలియదు, నాకు అందేది దబదబమనే బేస్ ఒక్కటే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు, రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలప్పుడు వెళ్ళి అడిగితే తగ్గించారు, నేను ఇంటికి వచ్చేలోపు మళ్ళీ పెంచారు. కొత్తవాడ గారి బార్ పక్కింటివాళ్ళు ఏమంటారో అడిగి రాయండి, అప్పుడు నమ్ముతాను.

కొత్తవాడ:
అడిగాను. పక్కిల్లు ఒక టైలర్‌ది, కింద దుకాణం, పైన కాపురం. పాట వల్ల ఇబ్బంది లేదన్నాడు, తొమ్మిదిన్నరకు ఆపేస్తారు. ఆయన ఫిర్యాదు బైకుల మీద. సందులో అడ్డంగా పెట్టిపోతారట. ఆ ఫిర్యాదు న్యాయమైనదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

జమ్మికుంట:
ఉత్తర తెలంగాణ అంతా వరంగలే కాదు కాబట్టి ఒక్క మాట. గోదావరిఖనిలో సింగరేణి కార్మికులు వచ్చే బార్లు చూడండి, మూడు షిఫ్టుల వల్ల గుంపు మూడుసార్లు మారుతుంది, గుంపును బట్టి పాటలూ మారతాయి. ఉదయం షిఫ్టు దిగినవాళ్ళు జానపదాలు అడుగుతారు.

లోకోషెడ్, కాజీపేట:
మంచి మాట. కాజీపేట దర్గా ఉర్సు రోజుల్లో మా వైపు పాట వినాలంటే బార్ అవసరమే ఉండదు, ఖవ్వాలీ రాత్రంతా సాగుతుంది. తాగి అక్కడికి వెళ్ళేవాడు మాత్రం మా స్నేహితుడు కాడు. ఇంకొకటి, శివనగర్ వాసి గారు బండి తీయకుండా నడిచి వెళ్ళగలగడం చాలా పెద్ద సుఖం. నూరు మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసే కనుక, కాజీపేట నుంచి వచ్చే మేము ఆటోకు పెట్టే ఖర్చు ఒక క్వార్టర్ ఖరీదు అవుతుంది.

శివనగర్ వాసి:
అందరికీ కృతజ్ఞతలు. కొత్తవాడ గారి సందేశం అందింది. ఆ సందులోంచి ఎన్నోసార్లు పోయాను, అక్కడ బార్ ఉందని గమనించనే లేదు. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు పడి దుకాణాలన్నీ మూసినప్పుడు మా వాళ్ళు పెట్టిన శోకాలు ఇంకా చెవుల్లో ఉన్నాయి కనుక సెలవు దినాలు చూసుకునే బయలుదేరుతాం. ఏ వారం వెళ్ళమంటారు? మా చెవి మిషన్ ఆయనను ఎక్కడ కూర్చోబెట్టాలి?

సౌండ్ సర్వీస్, ములుగు రోడ్డు:
జంపఖానాకు వీపు ఆనించి, స్పీకర్లకు దూరంగా, మాట్లాడేవాళ్ళంతా ఆయనకు ఎదురుగా ఉండేటట్టు వెనక మూలన కూర్చోబెట్టండి. మిషన్‌కు చుట్టూ ఉన్న గోల తగ్గించే అమరిక ఉంటే అది పెట్టుకోమనండి.

కొత్తవాడ:
మంగళవారం వెళ్ళండి. ఆ రోజు నీచు ముట్టనివాళ్ళు చాలామంది కాబట్టి బల్లలు దొరుకుతాయి, సర్వపిండి మిగులుతుంది. ఆదివారం బోటి కోసం వచ్చే గుంపు ముందు పాట నిలవదు. ఫోన్‌తో చెల్లించవచ్చు గానీ లోపల సిగ్నల్ అందదు, నగదు ఉంచుకోండి. చీటీలో పల్లవి స్పష్టంగా రాయండి, పెద్దాయన అద్దాలు మరిచి వస్తుంటాడు. మరుగుదొడ్డి గడియ పడదు, వెళ్ళినప్పుడు ఒకరు బయట నిలబడాలి.